హనుమక్క తియ్యుల్లి, సుంకన్న జిప్సం

ముందే ఒప్పుకుంటే సగం పాపం పోతుందంటారు కాబట్టి ఒప్పేసుకుంటున్నాను. ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను గుమ్మడికాయంత అంటే మీరు నిమ్మకాయంత అనుకోండి. ఊరంతా వచ్చిందంటే నలుగురు వచ్చారని, నలుగురు వచ్చారంటే నేనొక్కణ్ణే నిలబడి ఉన్నానని అర్థం చేసుకోండి. మా ఆవిడ ఇరవై ఏడేళ్లుగా ఈ కొలతతోనే నాతో కాపురం చేస్తోంది. ఇంతవరకు ఎక్కడా ఇబ్బంది రాలేదు.

ఇంత చెప్పాక కూడా చదువుతామంటే సంతోషం. ఎమ్మిగనూరులో జనం తోటల ఆఫీసు అని పిలిచే చోట ఇరవై ఆరేళ్లు పనిచేశాను. మోకాళ్లు రెండూ ఒకేసారి సమ్మెకు దిగడంతో యాభై మూడేళ్లకే విశ్రాంతి తీసుకున్నాను. అవి ఎందుకు పోయాయో ముందు ముందు తెలుస్తుంది. మొన్నామధ్య అదే పనిలో కొత్తగా చేరిన ఇద్దరు ఇంటికొచ్చి, "సార్, ఈ ఉద్యోగంలో అసలు పని ఏమిటి" అని అడిగారు. ఆఫీసులో ఎవరిని అడిగినా ఫారాలు చూపిస్తున్నారట. ఫారాల సంగతి ఫారాలు చెప్పుకుంటాయి. నేను ఒక ఉల్లిగడ్డ సంగతి చెబుతాను. అందులోనే పని మొత్తం ఉంది.

నడుముతో చేసే ఉద్యోగం

మా పని పేరు పెరటి తోటల ప్రోత్సాహం. మామూలు మాటల్లో చెప్పాలంటే, ఇంటి వెనక నాలుగు మూరల నేల ఉన్నవాళ్లను పట్టుకుని అందులో నాలుగు కూరగాయలు పెట్టించడం. వినడానికి సులువుగా ఉంటుంది. కానీ మా వైపు ఎండ సంగతి మీకు తెలియదు. ఆదోనిలో ఏప్రిల్ నెలలో కాకి నీడ కోసం తన నీడలో తానే కూర్చోవడం నేను కళ్లారా చూశాను. అలాంటి చోట పొద్దంతా పత్తి చేనులో వంగి వచ్చిన మనిషికి, సాయంత్రం ఇంటి వెనక కూడా వంగమని చెప్పాలి. వాళ్లు మన ముఖం మీద తలుపు వేయకపోవడం వాళ్ల మర్యాద.

నేను చేరిన కొత్తలో ఒక ఊరి రచ్చకట్ట మీద నిలబడి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను. అంతా విన్న ఒక పెద్దాయన, "బాగా సెప్పినావప్పా. నీకెన్ని మళ్లు ఉండాయి పెరట్లో" అని అడిగాడు. మా పెరట్లో అప్పటికి ఉన్నది పాత సైకిలు ఒక్కటే. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి తవ్వడం మొదలుపెట్టాను. ఇప్పుడు ఫోనులో ఫోటో తీసి పంపితే పని అయిపోయిందనుకుంటున్నారు. ఫోటోలో మొక్క కనిపిస్తుంది, దాన్ని నాటిన మనిషి పెట్టే ముఖం కనిపించదు. మీరు చూడాల్సింది ఆ ముఖం.

ఉల్లి తినని ఉల్లి గురువు

నాకు పని నేర్పిన అధికారి ఆచార్ సారు. మంత్రాలయం దగ్గర మూడు తరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం వాళ్లది. ఇంట్లో కన్నడం, ఆఫీసులో తెలుగు, కోపం వస్తే రెండూ. ఆ ఇంట్లోకి ఉల్లిగడ్డ ఎన్నడూ గడప దాటి రాలేదు. మా మళ్లు చూసి ఇంటికి వెళ్లిన రోజు వాళ్లమ్మ గారు ఆయన్ని వీధి వాకిట్లోనే నిలబెట్టి, తల మీద తొంభై బిందెల నీళ్లు పోసేవారు. సరే, తొమ్మిది.

అలాంటి మనిషికి మా ప్రాంతంలో ఉల్లి గురించి తెలియని విషయం లేదు. నంద‌వరంలో ఉల్లి కోస్తే ఎమ్మిగనూరులో కూర్చుని గాలి పీల్చి, అది ఎన్ని రోజుల గడ్డో చెప్పగలిగేవారు. రుచి ఒక్కటే తెలియదు. మరి గడ్డ తీపో ఘాటో ఎలా కనిపెట్టేవారు?

ఒకసారి చిప్పగిరి వైపు ఒక ఊళ్లో కొత్త రకం ఉల్లి కోసి రైతులకు రొట్టెతో పెట్టాను. అందరూ "బ్రమ్మాండంగా ఉండాది సారూ" అన్నారు. నేను ఉబ్బిపోయి రచ్చకట్టకు సరిపోనంత అయ్యాను. వెనక నిలబడిన ఆచార్ సారు నా చెవిలో, "ఏడు చెంబులు ఖాళీ అయినాయప్పా, చూసినావా" అన్నారు.

తిరుగు దారిలో విడమరిచి చెప్పారు. "తినేవాని మాట వినొద్దు. చెయ్యి చూడు. ఒక పక్క నీళ్ల చెంబు పెట్టు, ఇంకో పక్క రొట్టెల గంప పెట్టు. గడ్డ కొరికినాక చెయ్యి చెంబు దిక్కు పోతే ఘాటు. గంప దిక్కు పోతే తీపి. నోరు మొహమాటానికి అబద్ధం సెప్తుంది. చేతికి అంత తెలివి లేదు."

ఇరవై ఆరేళ్లలో నేను ఎన్నో శిక్షణలకు వెళ్లాను. ఎక్కడా దీన్ని మించిన పాఠం వినలేదు.

హనుమక్క అడిగింది

నంద‌వరం దగ్గర ఒక ఊళ్లో హనుమక్క అని ఉంది. అరవై దాటిన మనిషి, వ్యవసాయ కూలి. ఉల్లి నారు నాటడంలో ఆమె వేళ్ల వేగం చూస్తే కుట్టు మిషను సిగ్గుపడి కాళ్లు ముడుచుకుంటుంది. ఆ ఊళ్లో ఒక అలవాటు ఉంది. ఎవరి చేనులో ఉల్లి నాటినా మొదటి మొక్క హనుమక్కే పెట్టాలి. ఆమె చెయ్యి పడితే గడ్డ ఊరుతుందని నమ్మకం. పెద్ద రైతులు కూడా ఆమె వచ్చేదాకా గట్టు మీద కాచుకునేవాళ్లు.

నేను కూర విత్తనాల సంచితో వాకిట్లోకి వెళ్లేసరికి ఆమె జొన్నలు చెరుగుతోంది.

"తోటకూర, పాలకూర నాకొద్దు సారూ. ఘాటు లేని ఉల్లిగడ్డ ఉంటే ఇయ్యి," అంది.

పక్కింటి లచ్చుమక్క గోడ మీది నుంచి తల పెట్టింది. "ఘాటు లేని ఉల్లిగడ్డ కావల్లంట. రేపు తడి లేని నీళ్లు అడుగుతాది."

"నువ్వు నోరు మూసుకోమ్మే," అని హనుమక్క నా వైపు తిరిగింది. "రెండేండ్లాయ సారూ నోట్లో పొక్కులు బట్టి. ఘాటు ముట్టుకోవద్దని ఆదోని డాక్టరు సెప్పినాడు. మద్దేనం చేన్లో అందరూ ఉల్లిగడ్డ గుద్దుకోని రొట్టె తింటాంటే, నేను పసిపిల్ల మాదిరి మజ్జిగలో నానబెట్టుకోని తింటాండా. ఆ వాసన తగిలితే పానం ఆగదు. అందుకే గట్టు అవతలికి పోయి ఒక్కదాన్నే కూచుంటా."

గుద్దుకోవడమంటే కత్తి లేకుండా ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టి తినడం. మా వైపు రొట్టెకు అదే కూర, అదే పచ్చడి. ఆచార్ సారుకు ఈ మాట చెప్పాను. ఉల్లి తినని ఆ మనిషి, ఉల్లి తినలేక గట్టు అవతల కూర్చున్న మనిషి గురించి విని అప్పటికప్పుడే ఫోను అందుకున్నారు. ఎక్కడెక్కడికో చేసి, లేత పసుపు చాయ గడ్డలు కాసే తియ్యుల్లి విత్తనం చిన్న పొట్లం తెప్పించారు.

హనుమక్క ఇంటి వెనక, స్నానాల నీళ్లు పోయే కాలువకు ఎడంగా ఎత్తు మడి కట్టాం. నల్లమట్టిలో వంక ఇసుక, బాగా చివికిన పేడ ఎరువు కలిపాం. దసరా రోజుల్లో నారు పోసి, నెలన్నరకు పీకి, జానెడుకు రెండు మొక్కల చొప్పున నాటింది. తియ్యుల్లిని లోతుగా పాతకూడదు, వేరు దాగితే చాలు. గడ్డ భుజాలు మట్టి పైన ఎండ చూస్తూ ఊరాలి. నీళ్లు మటుకు ఎక్కడా ఆగకుండా, ఎన్నడూ ఎండకుండా అందాలి. నేల ఎండితే గడ్డకు కోపం వస్తుంది. ఆ కోపమే ఘాటు.

సుంకన్న అనే ఘనుడు

ఇక్కడ సుంకన్న గురించి చెప్పాలి. నాతోపాటే పనిచేసిన సహాయకుడు. మా ఇద్దరికీ కలిపి ఆఫీసు ఒకే మోటారు సైకిలు, ఒకే హెల్మెట్టు ఇచ్చింది. అందుకని మేమిద్దరం ఒకే ఊళ్లో కలిసి కనిపించిన రోజు లేదు. వెడల్పాటి మీసం, అంతకన్నా వెడల్పాటి నమ్మకం. తెలియదు అనే మాట అతని నోటి వెంట ఏనాడూ రాలేదు. తప్పును కూడా ఎంత ధీమాగా చేసేవాడంటే, తప్పే తనను అనుమానించుకునేది.

సుంకన్నది వేరుశనగ రైతుల ఇల్లు. వేరుశనగ చెట్టుకు ఊడలు దిగే వేళ జిప్సం చల్లితే కాయ నిండుతుందని మా వైపు పుట్టిన ప్రతివాడికీ తెలుసు. సుంకన్నకు ఉగ్గుపాలలో జిప్సం కలిపి పోశారేమోనని నా అనుమానం. సంక్రాంతి దాటాక ఒక రోజు అతను హనుమక్క మడి చూడడానికి వెళ్లాడు. ఆకు కొనలు కొంచెం పాలిపోయి కనిపించాయి. బండి సంచిలో జిప్సం ఉండనే ఉంది. నేను అక్కడ లేను గాని, పక్కన నిలబడి చూసినంత బాగా చెప్పగలను.

"ఏమప్పా అది, తెల్లగా ఉండాది," అంది హనుమక్క.

"మందక్కా. శనక్కాయకు ఏస్తే గింజ నిండుతాది. దీనికి ఏస్తే గడ్డ నిండుతాది."

"ఆచార్ సారును అడిగినావా?"

"ఉల్లి తినని మనిషిని ఉల్లి సంగతి ఏం అడుగుతావక్కా," అన్నాడు సుంకన్న. మడి మీద ముగ్గు వేసినట్టు చల్లాడు.

చెంబు దిక్కు పోయిన చెయ్యి

శివరాత్రి దాటాక ఆకులు మెడ విరుచుకుని పడుకున్నాయి. అదే గడ్డ తయారైందనడానికి గుర్తు. పది రోజులు నీళ్లు ఆపి పీకాం. ఒక్కొక్క గడ్డ కడవంత. మీ కొలతలో చెప్పాలంటే, హనుమక్క పిడికిలికన్నా కొంచెం పెద్దవి. గోడ మీది నుంచి చూసిన లచ్చుమక్క వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

వాకిట్లో చాప వేశారు. ఒక పక్క నీళ్ల చెంబు, ఒక పక్క రొట్టెల గంప. ఆచార్ సారు దూరంగా, గాలికి ఎదురుగా నిలబడ్డారు. హనుమక్క ఒక గడ్డను రాతి మీద పెట్టి ఒక్క గుద్దు గుద్దింది. రెండేళ్ల ఆకలి ఆ గుద్దులో ఉంది. పెద్ద ముక్క తీసి రొట్టె తుంపలో పెట్టుకుని నోట్లో వేసుకుంది.

ఆ ఘాటుకు గుంతకల్లు స్టేషనులో రైలు డ్రైవరు కళ్లు తుడుచుకున్నాడని తర్వాత విన్నాను. హనుమక్క మాత్రం నమలడం ఆపలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. "తియ్యగానే ఉండాది సారూ," అంది మమ్మల్ని చూసి. చెయ్యి మాత్రం చెంబు మీద ఉంది.

ఆచార్ సారు ఆమె ముఖం చూడలేదు. చెయ్యే చూశారు. చెప్పులు వేసుకున్నారు.

నోటి పొక్కులు మళ్లీ రేగి ఆమె నాలుగు రోజులు గంజి తాగి బతికింది. అది మానింది. మానంది ఇంకొకటి. "అంత మంచి ఇత్తనం ఇస్తే ఘాటెక్కె. నా చెయ్యే చెడినాది," అని ఆమె నిశ్చయించుకుంది. ఆ వానాకాలం ఊళ్లో ఉల్లి నాట్లకు పిలిస్తే వెళ్లింది గాని, మొదటి మొక్క పెట్టనంది. రైతులు ఎంత బతిమాలినా వినలేదు. అందరికన్నా చివరి సాలులో తల వంచుకుని నాటి వచ్చేసేది.

జరిగింది ఏమిటో ఆచార్ సారు పంట పీకిన రోజే పట్టుకున్నారు. మడి పగుళ్లలో తెల్ల పలుకులు చూశారట. ఆఫీసుకు వచ్చి కూర్చోబెట్టి, "ఉల్లి ఘాటంతా గంధకం నుంచి వస్తుందప్పా. జిప్సంలో ఉండేది ఏమి? గంధకమే. శనక్కాయకు అది పాలు, తియ్యుల్లికి మిరప్పొడి. ఎవరేసినారు?" అని అడిగారు. సుంకన్న పైకప్పు చూశాడు. నేను నేల చూశాను. ఆచార్ సారు ఎందుకో నన్నే చూశారు.

తిట్టలేదు. కాగితం రాయలేదు. "తప్పు ఆమె చేతిది కాదని ఆమెకు ఎవరు సెప్తారు?" అని మాత్రం అడిగారు.

కొత్తగా చేరిన మీకు ఒక మాట. ఈ ఉద్యోగంలో తప్పులు చేస్తారు. మందు మారుతుంది, విత్తనం మారుతుంది. వాటికి మరుసటి ఏడు మందు ఉంది. కానీ మన తప్పును రైతు తన తప్పనుకుని తల వంచుకుంటే, అది చూసి మనం నోరు మూసుకుంటే, దానికి మందు లేదు. సుంకన్న అయిదు నెలలు నోరు మూసుకున్నాడు. మంచివాడే గాని పిరికివాడు. ఆ ఊరి దారి వస్తే బండిని పక్క ఊరి మీదుగా తిప్పుకుని పోయేవాడు. ఆ చుట్టు దారికి తగలేసిన పెట్రోలుతో కాశీ వెళ్లి రావచ్చు.

గడ్డపార

ఒక పొద్దు తప్పించుకోలేక ఆ ఊరి చేను గట్టు మీదుగా వెళ్లాల్సి వచ్చింది. ఉల్లి నాట్లు జరుగుతున్నాయి. మొదటి సాలులో ఎవరో పడుచుపిల్ల మొక్క పెడుతోంది. హనుమక్క చివరి సాలులో ఉంది. సుంకన్న బండి ఆపాడు. మధ్యాహ్నం దాకా గట్టు మీదే కూర్చుని, ఆమె గట్టు అవతల ఒంటరిగా రొట్టె విప్పుకున్నప్పుడు పోయి ఎదురుగా నిలబడ్డాడు.

"అక్కా, నీ చెయ్యి కాదు. నేనేసిన తెల్లపొడి. దాని వల్లనే ఘాటెక్కినాది."

హనుమక్క మజ్జిగ గిన్నె కింద పెట్టింది. "అట్లయితే నా చెయ్యి బాగుండాదా?"

"బాగుండాది."

"మరి ఇన్నాళ్లు యాడ పోయినావు?"

"బయమేసినాదక్కా."

"కొడతాననా?"

"నవ్వుతావని."

ఆమె నవ్వింది. మామూలుగా నవ్వలేదు. చేనులో ఉన్న కూలీలంతా నడుములెత్తి చూశారు. కాలువ నీళ్లు ఒక్క క్షణం ఆగి విన్నాయి. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుని, "సరే. రేపు పొద్దున్నే గడ్డపార తీసుకోని రా," అంది.

మర్నాటి నుంచి వారం రోజులు సుంకన్న ఆ మడిలో మూరెడు లోతు మట్టి తవ్వి పారబోశాడు. వంక గట్టు నుంచి కొత్త మట్టి తట్టలతో మోశాడు. లచ్చుమక్క గోడ మీద మోచేతులు ఆనించి రోజూ పర్యవేక్షణ. "ఆ మూల కొంచెం మిగిలినాది చూడప్పా. మీ ఆఫీసులో తవ్వేది నేర్పరా?" హనుమక్క మాత్రం పూటపూటా రొట్టె పెట్టింది. ఏడో రోజు అతను లేవబోతే మోకాళ్లు రెండూ ఎండు కట్టెల్లా పటపటమన్నాయి. ఆ చప్పుడుకు ఊరి పావురాలన్నీ లేచిపోయాయి.

రెండో రొట్టె

ఆ ఏడు మళ్లీ అదే విత్తనం, అదే నెల. జిప్సం సంచి ఉన్న బండిని వీధి మొదట్లోనే ఆపేయాలని హనుమక్క నియమం పెట్టింది. ఎరువు చివికిన పేడే. నీళ్లు రోజు మార్చి రోజు, చెంబుతో కొలిచినట్టు. ఆకులు వాలాయి. గడ్డలు పీకాం. ఈసారి నిరుటికన్నా చిన్నవి. నేను పెంచి చెప్పడానికి కూడా వీల్లేనంత చిన్నవి.

మళ్లీ చాప, చెంబు, గంప. ఆచార్ సారు మళ్లీ గాలికి ఎదురుగా. హనుమక్క గుద్దింది. నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. ఎవరూ ఆమె ముఖం చూడలేదు. అందరం చెయ్యే చూస్తున్నాం. ఆ చెయ్యి ఒడిలోంచి లేచింది. గాలిలో కొంచెం ఆగింది. చెంబు దిక్కు పోయింది.

నా గుండె కాదు, ఊరి గుండే ఆగింది.

చెంబు తీసి ఆమె ఇటు చాచింది. "తాగప్పా. నీ గొంతే ఎండినట్టుండాది," అంది. ఆ చెయ్యే తిరిగి గంపలోకి పోయి రెండో రొట్టె తీసుకుంది. తర్వాత మూడోది. లచ్చుమక్క గోడ దిగి చుట్టూ తిరిగి వచ్చి, అడక్కుండానే ఒక గడ్డ గుద్దుకుంది.

"ఎట్లుంటుందమ్మా రుచి?" అని దూరం నుంచి ఆచార్ సారు అడిగారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆ ప్రశ్న ఆయన ఎవరినీ అడగ్గా నేను వినలేదు.

హనుమక్క నమలడం ఆపి ఆలోచించింది. "చెరుకు మాదిరి కాదు సారూ. ఘాటు ఉండాది, కరవదు. మంచి అత్త మాదిరి."

ఆచార్ సారు నవ్వుతూ బండి ఎక్కారు. ఆ రోజు ఇంటి దగ్గర ఎన్ని బిందెలు పోశారో నేను అడగలేదు.

ఒక్క జాగ్రత్త రాసుకోండి. తియ్యుల్లి నిలవ ఉండదు. రెండు నెలల్లో తినేయాలి, లేదా పంచేయాలి. హనుమక్క వీధి మొత్తానికి పంచింది. ఆ ఎండాకాలం చేనులో గట్టు ఇవతల, అందరి మధ్య కూర్చుని రొట్టె తింది. వానలు పడ్డాక మొదటి మొక్క కూడా ఆమే పెట్టింది.

కల్పించింది ఏది

ఇప్పుడు బాకీ తీర్చుకోవాలి. కాకి నీడ, గుంతకల్లు రైలు, కాలువ నీళ్లు ఆగడం, ఇవన్నీ పెంచినవే, కల్పించినవి కావు. కాకి ఉంది, రైలు ఉంది, కాలువ ఉంది. ఉల్లి తినని ఉల్లి అధికారి సంగతి మీరు నమ్మి ఉండరు. అది అక్షరాలా నిజం. చెంబు, గంప కూడా నిజమే.

నేను కల్పించింది సుంకన్నను. మా ఆఫీసులో ఆ పేరు గల మనిషి ఎన్నడూ పనిచేయలేదు. మోటారు సైకిలు ఒక్కటే, హెల్మెట్టు ఒక్కటే, మనిషీ ఒక్కడే. ఆచార్ సారు ఆ రోజు నన్నే ఎందుకు చూశారో, నా మోకాళ్లు ఎందుకు పోయాయో ఇక వేరే చెప్పనక్కర్లేదు.

మొన్న నంద‌వరం బస్సులో వెళుతుంటే, ముందు సీటులోంచి హనుమక్క వెనక్కి తిరిగి బస్సంతా వినేటట్టు పలకరించింది. "ఏమప్పా జిప్సం సారూ, బాగుండావా?"

సుంకన్న ఉంటాడేమోనని నేనూ వెనక్కి తిరిగి చూశాను. సీటు ఖాళీగా ఉంది.